బట్టతల తోట: రెండో కోత

గాలికి పడిపోయిన మహాగని దుంగను మిల్లులో కోయించిన రోజే ఆ ఇల్లు కూడా రెండు ముక్కలైంది.

దుంగ పైకి నున్నగా, నిటారుగా, చూడముచ్చటగా ఉంది. కోసి చూస్తే లోపల, ఒకప్పుడు కొమ్మలు తీసిన చోట్ల నుంచి నల్లటి కుళ్ళు చారలు కిందికి దిగి ఉన్నాయి. "కొమ్మ తీసినవాడు చెట్టు మెడ కోశాడు," అన్నాడు మిల్లు మేస్త్రి. పెద్దాయన అలా కోసిన ఒక పలకను ఇంటికి మోయించుకొచ్చి, వరండా గోడకు ఆనించి, చిన్నకొడుకును పిలిచాడు. పెద్దకొడుకు నారు పెంచడం, అమ్మడం చూసుకుంటాడు గానీ రంపం ముట్టడు. తోటలో నిచ్చెన ఎక్కేది ఇద్దరే, తండ్రీ చిన్నకొడుకూ. తన చెయ్యి తప్పదని పెద్దాయన నమ్మకం. ఇక మిగిలింది ఒక్కడే.

"ఇకమీదట నా తోటలో అడుగు పెట్టకు," అన్నాడు.

చిన్నోడు పలకను చూశాడు. తండ్రిని చూశాడు. ఒక్క మాట కూడా అనకుండా చెప్పులు వేసుకుని గేటు దాటాడు. ఆ మిల్లులోనే కూలికి చేరాడని తర్వాత తెలిసింది. తప్పు చేయనివాడైతే నోరు విప్పేవాడుగా అన్నారు అందరూ. పెద్దకోడలు కూడా అలాగే అనుకుంది, ఈ వేళ ఉదయం దాకా.

పెద్దాయనకు భోజనం క్యారేజీ పట్టుకుని ఆమె తోటకు వెళ్ళింది.

ఆ తోటకు చుట్టుపక్కల వాళ్ళు పెట్టిన పేరు బట్టతల తోట. మిగతా తోటల్లో చెట్లు రాసుకుపూసుకుని నిలబడి ఉంటాయి. ఇక్కడ చెట్టుకీ చెట్టుకీ మధ్య ట్రాక్టరు తిప్పుకోవచ్చు. ఒక టేకు, దానికి అంత దూరంలో మహాగని, ఆ తర్వాత మద్ది, మళ్ళీ టేకు. "మొక్కలైపోయాయా, ఓపికైపోయిందా?" అని నవ్వేవారు దారినపోయేవాళ్ళు. తలనిండా జుట్టున్నా పెద్దాయనకు బట్టతలాయన అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయన పట్టించుకోలేదు. జాతులు కలిపి వేస్తే మహాగని చిగురు తొలిచే పురుగు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దారి దొరక్క తిప్పలు పడుతుందనీ, ఎడంగా వేస్తే ప్రతి చెట్టూ కడుపునిండా వెలుతురు తాగి త్వరగా లావెక్కుతుందనీ ఆయన ఆలోచన.

ఆలోచన మంచిదే. కానీ దానికొక చాకిరీ ఉంది. ఒత్తు తోటలో కింది కొమ్మలు నీడకు వాటంతటవే ఎండి రాలిపోతాయి. ఎడంగా పెరిగే చెట్టు ఏ కొమ్మనూ వదులుకోదు. నాలుగు దిక్కులా చేతులు చాచుకుని కూర్చుంటుంది. ఆ కొమ్మల్ని సన్నగా ఉన్నప్పుడే ఏటా మనిషి నిచ్చెన వేసుకుని తీయాలి. తీయకపోతే మానంతా ముడులే. పైగా ఒత్తు తోటవాడు పాడైన చెట్టును కొట్టేసి పక్కదాన్ని పెంచుకుంటాడు. ఎడం తోటవాడికి పక్క చెట్టంటూ లేదు.

"మనకి ప్రతి చెట్టూ ఒక్కగానొక్క బిడ్డేనమ్మా," అని పెళ్ళయిన కొత్తలోనే పెద్దాయన ఆమెకు చెప్పాడు.

ఆమె వడ్రంగి కూతురు. చెక్కను లోపలి నుంచి చూడటం పుట్టింట్లో నేర్చుకుంది. చెట్టును బయటి నుంచి చూడటం ఈ మామగారే నేర్పాడు. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉండే చోటు మీద ఆమె బొటనవేలు పెట్టించి, "ఇది కొమ్మ మెడ. దీన్ని కోశావా, గాయం మానదు, కుళ్ళు లోపలికి దిగుతుంది. పోనీ అని దూరంగా కోసి మొండి వదిలావా, ఆ మొండి ఎండి అదే కుళ్ళుకి మెట్టవుతుంది. రెంటికీ మధ్య రవ్వంత చోటుంది. మన బతుకంతా ఆ రవ్వంతలోనే," అన్నాడు. అత్తింట్లో ఆమెతో మొదట మనసు విప్పి మాట్లాడింది ఆయనే. అందుకే ఆయన ముందు ఆమెకు భయం కంటే చనువెక్కువ.

తోట రెండు ముక్కలు, వాగవతల పాత చెట్లు, ఇవతల కింది ముక్కలో లేతవి. ఆ లేత చెట్ల వరసలోకి అడుగుపెట్టగానే తాజా రంపపు పొట్టు వాసన కొట్టింది. ఆకు రాలిన టేకుల కింద కొమ్మలు పడి ఉన్నాయి. ఇంకా పచ్చి ఆరలేదు. అలవాటుగా తలెత్తి గాయాలకేసి చూసింది.

చూసి, నడుస్తున్నది కాస్తా ఆగిపోయింది.

మొదటి చెట్టుకు కోత మానును చెక్కేసినట్టు లోపలికి పోయింది. మెడ లేదు. దాని పై కొమ్మకు జానెడు మొండి వదిలేసి ఉంది. పక్కనున్న మహాగనికీ అంతే. ఒక చోట మొండి, ఒక చోట మెడ కోత, మరో చోట కింద గాటు పెట్టకుండా కోయడంతో బెరడు చీరుకుపోయి తోలు ఊడినట్టు వేలాడుతోంది.

వరండాలో గోడకు ఆనించిన పలక కళ్ళ ముందు మెదిలింది. అదే చెయ్యి. సందేహం లేదు.

'చిన్నోడు దొంగచాటుగా వచ్చాడా?' అనిపించింది ముందు. కోపంతో తోట పాడుచేయడానికా? ఛ, అలాంటివాడు కాదు. అయినా వాడు వెళ్ళిపోయి చాలా రోజులైంది. ఈ కోతలు ఈ ఉదయానివి.

అప్పుడు అవతలి వరసలో రంపం చప్పుడు వినిపించింది. మానుకు ఆనించిన నిచ్చెన మీద పెద్దాయన. ఎడమచేత్తో కొమ్మ పట్టుకున్నాడు. రంపాన్ని మెడ పక్కనే ఆనించబోయి, గాలిని కోస్తున్నట్టు ఒకసారి ఉత్తినే ఆడించి, మళ్ళీ వెతుక్కుని ఆనించాడు. ఆనింది మెడ మీద. తల ఒక పక్కకు వాల్చి, చాలా శ్రద్ధగా, ఎంతో ప్రేమగా కోయడం మొదలుపెట్టాడు.

క్యారేజీ ఆమె చేతిలో బరువెక్కింది. పిలవబోయి మానుకుంది. ఆయన తనను చూడకముందే వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది.

నడుస్తుంటే కొన్నేళ్ళుగా చూస్తున్నవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గ్లాసు పక్కన బల్ల మీద నీళ్ళు పోయడం. గుమ్మం దాటుతూ ఎడమ భుజం తలుపుకు కొట్టుకోవడం. పిలిస్తే కళ్ళు కాక తలంతా తిప్పి చూడటం. వయసు మీద పడిందిలే అనుకున్నారు ఇంట్లో. ఆయన కూడా అదే అనుకుని ఉంటాడు.

అత్తగారు వెనక వసారాలో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నిండుగా ఉన్న క్యారేజీని చూసి, "ఏం, వద్దన్నారా?" అంది.

"ఇవ్వలేదత్తయ్యా."

ఆ గొంతు విని అత్తగారు తిరిగి చూసింది. కోడలి చూపు మాత్రం పొయ్యి పక్కనున్న బుట్ట మీద ఉంది. రోజూ చూసే బుట్టే. అందులో అడుగున మిగిలిన, పొయ్యిలోకి వేసే చిన్న చిన్న కర్రముక్కలు, బిళ్ళల్లాంటివి. ఒక ముక్క తీసి చేతిలో తిప్పి చూసింది. రెండు వైపులా రంపం కోతే ఉంది. వేలెడు పొడవున్న ముక్కను రెండు వైపులా పనిగట్టుకుని ఎవరు కోస్తారు? కొమ్మ ఒకసారి తెగుతుంది. ఆ తర్వాత మిగిలిన మొండిని ఎవరో వెనకాలే వచ్చి, సరైన చోట మళ్ళీ కోస్తే తప్ప ఇలాంటి ముక్క రాదు.

"ఈ బుట్ట ఎవరు తెచ్చారత్తయ్యా?"

అత్తగారు పొయ్యిలో మంటను ఎగదోసింది. ఎగదోయాల్సిన అవసరం లేకపోయినా.

"చిన్నోడేగా?"

"తెలిసినదానివి ఎందుకడుగుతావు?"

"మీకెప్పటి నుంచి తెలుసు?"

"ఆయన గ్లాసులో పోసే నీళ్ళు బల్ల తాగుతుంటే తెలీకుండా ఎలా ఉంటుందే?" అత్తగారు పొయ్యిలోంచి ఒక కర్ర వెనక్కి లాగింది. "ఆయన పొద్దున కోసి వచ్చేవారు. వాడు సాయంత్రం వెళ్ళి మొండులన్నీ మళ్ళీ కోసి, ముక్కలు కింద కనబడకుండా ఏరి బుట్టలో వేసుకొచ్చేవాడు. ఒకసారి నేనే పట్టుకున్నా. నా చెయ్యి నెత్తిన పెట్టుకుని ఒట్టేయించుకున్నాడు. 'అమ్మా, చెప్పకు. నాన్న చేతిలోంచి రంపం తీసేస్తే ఇంకేం మిగులుతుంది ఆయనకి,' అన్నాడు."

"మరి మెడ కోసేసినవి?"

"వాటిని ఏం చేస్తాడు? మొండిని మళ్ళీ కోయొచ్చు. తెగిన మెడని అతికించేవాడు ఎక్కడున్నాడు? అలాంటివి కనబడ్డ రోజు వాడు తినకుండా పడుకునేవాడు. అడిగితే కడుపులో బాగాలేదనేవాడు."

కోడలు గోడకు ఆనుకుంది. "వాణ్ణి వెళ్ళిపొమ్మన్న రోజు మీరిక్కడే ఉన్నారుగా అత్తయ్యా. ఒక్క మాట..."

"నోరు తెరిచానే తల్లీ. వాడు గుమ్మంలోంచి నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అంతే, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. కొడుకు రేపో మాపో తిరిగొస్తాడనుకున్నాను. ఆయన మనసు విరిగితే మళ్ళీ తిరిగిరాదనుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేనేం చేసేది?"

కోడలు క్యారేజీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. రెండు వైపులా కోత ఉన్న ఆ ముక్కను కొంగున ముడేసుకుంది.

"ఏం చేయబోతున్నావు?"

"వెనకాల వచ్చి సరిచేసేవాడు లేడిప్పుడు. కింది ముక్క చెట్లు కూడా పోతాయి. వాడూ పోయాడు. ఇంకెంతమందిని పోగొట్టుకుందామత్తయ్యా?"

"ఆయన తట్టుకోలేరే."

"ఈ చెట్లకి ఏమైందో ఇంకో పదేళ్ళకి తెలిస్తే తట్టుకుంటారా?"

అత్తగారు చెయ్యి చాచి ఆపబోయింది. ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

పెద్దాయన నిచ్చెన దిగి మద్దిచెట్టు కింద కూర్చుని రంపం పళ్ళు తుడుస్తున్నాడు. కోడలి అడుగుల చప్పుడు విని తలంతా తిప్పి చూశాడు.

"ఆలస్యమైందేం అమ్మాయ్? ఆకలికి ఈ చెట్టుని కొరుక్కు తినేలా ఉన్నా."

మరో రోజైతే ఆమె నవ్వేది. క్యారేజీ కింద పెట్టి, "తినేముందు ఒకసారి ఇలా రండి మామయ్యా," అంది.

"ఏమిటి?"

"రండి, చెప్తాను."

చేతికి అందే ఎత్తులో కొమ్మ తీసిన చిన్న టేకు దగ్గరకు తీసుకెళ్ళింది. "ఈ కోత ఎలా ఉందో చెప్పండి."

"నేనే కోశాగా పొద్దున. శుభ్రంగా ఉంది."

"చూసి కాదు. నాకు నేర్పినట్టు, వేలు పెట్టి చెప్పండి."

ఆయన మొహంలో చిరాకు కనిపించింది. "పనిలేదా నీకు?"

"ఒక్కసారి మామయ్యా."

విసుక్కుంటూనే బొటనవేలు కోత మీద పెట్టాడు. కింది నుంచి పైకి జరిపాడు. వేలు ఆగింది. మళ్ళీ కిందికి జరిపాడు. గాయం చుట్టూ తిప్పాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ వేలికి తెలిసిన ఉబ్బు అక్కడ లేదు. మానులోకి దిగిన గుంట మాత్రం ఉంది.

"ఇది... ఎండ కళ్ళలో పడి ఉంటుంది," అన్నాడు.

ఆయన పక్కనున్న మహాగని దగ్గరకు నడిచాడు. అక్కడ వేలు మొండికి తగిలింది. దాని కొసదాకా తడిమి చూసుకున్నాడు. ఆ పక్క చెట్టు. ఆ పక్కది. ఎవరూ చెప్పకుండానే వరస పొడుగునా ఒక్కొక్క చెట్టునూ తడుముకుంటూ పోయాడు. నడక త్వరగా మొదలై, పోనుపోను నెమ్మదించింది. కొన్ని కోతలు బాగానే ఉన్నాయి. అలాంటి చోట నిలబడి ఊపిరి తీసుకున్నాడు. తర్వాతి చెట్టు దగ్గర మళ్ళీ తల వంచుకున్నాడు. బెరడు చీరుకుపోయిన చెట్టు దగ్గర ఆగి, వేలాడుతున్న తోలును యథాస్థానంలో పెట్టి అరచేత్తో అదిమిపట్టుకున్నాడు, అది అతుక్కుంటుందన్నట్టు.

ఆమె దగ్గరకు వెళ్ళే ధైర్యం చేయలేకపోయింది. తను అన్న మాటను వెనక్కి తీసుకోగలిగితే తీసుకునేది ఆ క్షణంలో.

"నా చెయ్యి తప్పలేదమ్మా," అన్నాడాయన, తిరక్కుండానే. "నా చెయ్యి నాకు తెలుసు."

"చెయ్యి తప్పలేదు మామయ్యా. కన్నే చేతికి తప్పు దారి చూపించింది."

"నా కళ్ళకేం? అంత దూరంలో పిట్టని చెప్తాను నేను."

"ఒక కన్ను మూసి చూడండి."

ఆయన కోపంగా ఇటు తిరిగాడు. ఆ కోపంలోనే ఎడమకన్ను మీద అరచెయ్యి పెట్టాడు. "కనిపిస్తున్నావు. నువ్వు, నీ వెనక మద్ది, దాని మీద చీమల బారు కూడా." చెయ్యి మార్చి కుడికన్ను మూశాడు.

తోటలో గాలి లేదు. ఎక్కడో ఎండుటాకు ఒకటి రాలి పడింది. పెద్దాయన అలాగే నిలబడిపోయాడు.

"నువ్వక్కడ లేవమ్మా."

ఆమె వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యిని కంటి మీద నుంచి తీయనివ్వలేదు. చీకట్లో ఏమైనా దొరుకుతుందేమోనని ఇంకా వెతుకుతున్నాడు.

"మంచు పట్టినట్టుంది. అంచుల్లో కాస్త వెలుతురుంది, మధ్యలో ఏమీ లేదు," అన్నాడు చివరికి. "ఎప్పటి నుంచో మరి. రెండో కన్ను బాగుంటే ఇది పోయిన సంగతి మనిషికి తెలీదా?"

"తెలీదట మామయ్యా. మా నాన్న దగ్గర పనిచేసే ఆయనకి ఇలాగే అయింది. సుత్తి మేకు పక్కన పడుతుంటే మేకుల్ని తిట్టేవాడు. దగ్గరా దూరం తెలియాలంటే రెండు కళ్ళూ కావాలంట."

"నేను మనిషిని తిట్టాను." ఆయన చెయ్యి కిందికి జారింది. "ఆ మహాగనికి కొమ్మలు తీసింది..."

"మీరే."

అంతకంటే మెత్తగా చెప్పే మాట ఆమెకు తోచలేదు. ఆయన మద్దిచెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. ఆమె పక్కనే కూర్చుంది.

"వాడికి తెలుసా?" అన్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి ఆ ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు దాన్ని తిప్పాయి. ఒక కొస తడిమాయి, రెండో కొస తడిమాయి. రంపం పని తెలిసిన మనిషికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక వైపు తన కోత. రెండో వైపు, నున్నగా, ఒక్క పోగు కూడా లేవకుండా, కొడుకు కోత.

"ఎన్ని ఉన్నాయిలాంటివి?"

"అత్తయ్య పొయ్యిలో చాలా కాలిపోయాయి మామయ్యా."

ఆయన ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు. ముక్కను పిడికిట్లో బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"వెధవ! నాతో చెప్పొద్దూ? నాన్నా, నీ కన్ను పోయింది, దిగు కిందికి అని ఒక్క మాట. నా పరువు కాపాడ్డానికి చెట్ల మెడలు తెగుతుంటే చూస్తూ ఊరుకున్నాడా? ఇదేనా నేను నేర్పింది?"

"చెప్తే మీరు నమ్మేవారా?"

ఆయన పిడికిలి వదులైంది.

"వాడు చేసింది తప్పే మామయ్యా. కాదనను. చెట్లు మళ్ళీ వేసుకోవచ్చు, నాన్నని వేసుకోలేం అనుకుని ఉంటాడు. చిన్నవాడు, అంతవరకే ఆలోచించాడు."

పెద్దాయన తల వెనక్కి వాల్చి మానుకు ఆనించాడు. మూసిన రెప్పల కింద నుంచి అప్పుడొచ్చాయి నీళ్ళు. తుడుచుకోలేదు. క్యారేజీ ఎవరూ ముట్టలేదు. తర్వాత లేచి, నిచ్చెన దగ్గరకు వెళ్ళి, రంపాన్ని తెచ్చి పిడి వైపు తిప్పి కోడలికి అందించాడు.

"ఇప్పటికి ఇది నీ దగ్గరుంచు. వాడొచ్చాక వాడికివ్వు. మొండులన్నీ కోయించాలి. మెడ తెగినవాటికి ఏదైనా చేయగలమేమో వాడూ నువ్వూ కూర్చుని ఆలోచించండి. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటాను. నిచ్చెన పట్టుకోడానికి రెండు కళ్ళు అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు మామయ్యా."

"పద. మిల్లుకి తీసుకెళ్ళు నన్ను."

"ముందు తినండి. సాయంత్రం వెళ్దాం."

"వాడు తినకుండా పడుకున్న రోజులు ఉన్నాయా లేవా?"

ఆమె ఉలిక్కిపడింది. అత్తగారు చెప్పిన ఆ మాట తను ఆయనకు చెప్పలేదు. ఆయన తండ్రి, ఆయనకు గుర్తుంది. కడుపులో బాగాలేదని కొడుకు చెప్పిన సాకులన్నీ ఇప్పుడు అర్థం తెచ్చుకుంటున్నాయి కాబోలు.

స్కూటరు వెనక కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. ఇంట్లో ఎవరి బండి అయినా ముందు కూర్చునేది ఆయనే. ఈ వేళ మాత్రం మారు మాట్లాడకుండా వెనక కూర్చుని, కోడలి భుజం మీద చెయ్యి వేశాడు. దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాడు. కొడుకుతో ఏమనాలో తెలియక ఒక్కో మాటా అని చూసుకుంటున్నాడు. "ఒరేయ్, నాదే తప్పు... కాదు, అలా అంటే వాడు కాళ్ళ మీద పడతాడు. ఇంటికి రారా, పని ఉంది అంటాను. అంతే అంటాను. చాలు కదమ్మా?"

"చాలు మామయ్యా. అదొక్కటే చాలు."

మిల్లు ముందు దుంగలు గుట్టలుగా పడి ఉన్నాయి. లోపల పెద్ద రంపం ఆగి ఉంది. తిరిగే చక్రాలకు నూనె పోస్తున్న మేస్త్రి వీళ్ళను చూసి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రండి రండి, బట్టతలాయనే మళ్ళీ మా గడప తొక్కారే! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా."

"మా చిన్నోడేడీ?" అన్నాడు పెద్దాయన.

"వాడా? పొద్దున్నే వెళ్ళాడుగా, చెట్లు నరికే ముఠాతో."

"ఎక్కడికి?"

మేస్త్రి నవ్వబోయాడు. వేళాకోళమనుకున్నాడు కాబోలు. ఇద్దరి మొహాలూ చూశాక ఆ నవ్వు ఎటుపోవాలో తెలియక మొహం మీదే ఆరిపోయింది.

"మీ తోటకేనండీ. వాగవతల పాత ముక్క. మహాగని చెట్టు పడిపోయిందే, అక్కడికే. మీకు తెలీకుండానా?"

"ఎవరు నరకమన్నారు?" పెద్దాయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటేనే బాగుండేది.

"పెద్దబ్బాయిగారే వచ్చి మా యజమానితో మాట్లాడుకున్నారు. ఆ ముక్క ఆయన పేరు మీదే ఉందటగా. ఒక చెట్టు కుళ్ళిందంటే అన్నీ కుళ్ళినట్టే, ఇంకా నిలిపి లాభం లేదు, అన్నీ కొట్టేయండి అన్నారు." మేస్త్రి నూనె గుడ్డను చేతుల్లో నలిపాడు. "మీ చిన్నోణ్ణి మేం పంపలేదండీ. ముఠాలో మనుషులు సరిపోయారు. వద్దురా, సొంత తోట, నీకెందుకురా అన్నాను కూడా. వినలేదు. మొదటి చెట్టు నేనే పడేస్తాను, నేను చెప్పేదాకా ఇంకెవరూ ఏ చెట్టు మీదా చెయ్యి వెయ్యొద్దు అని పట్టుబట్టి మరీ లారీ ఎక్కాడు. వాడి వాలకం చూస్తే నాకే భయమేసింది."

పెద్దాయన మేస్త్రి వైపు చూడటం మానేశాడు. కోడలి వైపు తిరిగాడు. ఇందాక తోటలో ఆమె పక్కన కూర్చుని ఏడ్చిన మనిషి కాదిప్పుడు.

"మీ ఆయన ఈ సంగతి నీకు చెప్పాడా అమ్మాయ్?"

చెప్పలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో, ఉదయం బయల్దేరుతూ భర్త చెప్పులు వేసుకుంటూనే చెయ్యి చాచి వాగవతల గేటు తాళంచెవి అడగడం గుర్తొచ్చింది. ఎందుకని కూడా అడక్కుండా, గూట్లోంచి తీసి ఆ చేతిలో పెట్టింది తనే.